ఆఫీసులో స్విచ్ పెడుతున్నారా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చిన్న ఆఫీసుల ల్యాన్ (ఆఫీసులోని కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్) గురించి, ఆ వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టె గురించి గుంటూరు, విజయవాడ పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే ఇబ్బంది మీద ఇద్దరు ముగ్గురు రాసినచోట ప్రశ్నలు కలిపేశాం.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మాది ఆడిటర్ ఆఫీసు. మూడు గదులు, 9 కంప్యూటర్లు, 2 ప్రింటర్లు. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఒక కంప్యూటర్లో పెట్టి మిగతావాళ్లం దాన్నే వాడతాం. అన్నీ వైఫై మీదే నడుస్తున్నాయి. రిటర్నుల గడువు దగ్గర పడితే చాలు, ట్యాలీ మధ్యలో ఆగిపోతోంది. స్విచ్ పెట్టించాలంటే ఏమేం కొనాలి, పని ఎలా చేయించాలి?

జవాబు: ఇంటర్నెట్ ప్లాన్ పెంచినా మీ సమస్య పోదు. ట్యాలీ డేటా ఫైళ్లను ప్రతి కంప్యూటరూ షేర్డ్ ఫోల్డర్లోంచి నేరుగా తెరిచి పట్టుకుని ఉంటుంది. వైఫై రెండు క్షణాలు తెగితే వీడియోకి ఏమీ కాదు, ముందే కొంత దింపుకుని ఉంటుంది గనక. తెరిచి ఉన్న ఫైలుకి అలా కుదరదు. వోచర్ సగంలో పోతుంది, ఒక్కోసారి డేటా దెబ్బతిని రిపేర్ చేసుకోవాల్సి వస్తుంది. అందుకే కనీసం డేటా ఉన్న కంప్యూటర్, దాన్ని రోజంతా వాడేవాళ్లు వైరు మీద ఉండాలి.

ముందు పోర్టులు లెక్కేయండి. కంప్యూటర్లకు 9, ప్రింటర్లకు 2, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్సుకి 1, రేపు ఫోన్ల కోసం ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) పెడితే 1. మొత్తం 13. 8 పోర్టులది చాలదు, 16 పోర్టుల గిగాబిట్ అన్‌మేనేజ్డ్ స్విచ్ (సెకనుకు 1000 మెగాబిట్ల వేగం, సెట్టింగులు లేని రకం) తీసుకోండి. రెండు ఎనిమిది పోర్టులవి కలిపితే పోలేదా అని షాపులో అంటారు. రెంటినీ కలిపే వైరుకి చెరో పోర్టు పోయి మిగిలేవి 14. పైగా రెండు అడాప్టర్లు, రెండు ప్లగ్గులు. అడాప్టర్ లేకుండా పవర్ సప్లై లోపలే ఉన్న ఇనుప బాడీ స్విచ్ మేలు. ఊడ్చేవాళ్ల చీపురు తగిలి వదులైన అడాప్టరే చాలా ఆఫీసుల్లో ‘నెట్ పోయింది’కి అసలు కారణం.

స్విచ్ దగ్గర కాస్త పొదుపు చేసినా ఫరవాలేదు, కేబుల్ దగ్గర మాత్రం చేయొద్దు. స్విచ్‌ని పది నిమిషాల్లో మార్చుకోవచ్చు, గోడలో వేసిన కేబుల్ మార్చాలంటే ఆఫీసు మూసుకోవాలి. క్యాట్ 6, పూర్తి రాగిది అడగండి. ‘సీసీఏ’ అని ఉంటే అది అల్యూమినియం తీగ మీద రాగి పూత. కొన్నిటి మీద ఆ మాట కూడా ఉండదు. ఒక తీగను బ్లేడుతో గీరి చూస్తే తెలిసిపోతుంది, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే. దానికి విద్యుత్ నిరోధం ఎక్కువ, రెండుసార్లు వంచితే విరుగుతుంది, కెమెరాలకు అదే వైర్లో కరెంటు పంపితే వేడెక్కుతుంది.

కేబుల్ బాక్సులో 305 మీటర్లు ఉంటుంది. ఒక్కో పాయింటుకి స్విచ్ నుంచి సీలింగ్ దాకా, అక్కణ్ణుంచి గది దాకా, మళ్లీ కిందికి టేబుల్ దాకా కొలవండి. స్విచ్ వైపు 2 మీటర్లు, టేబుల్ వైపు అర మీటరు అదనం. మూడు గదుల్లో సగటున 15 మీటర్లు అనుకున్నా 13 పాయింట్లకు 200 మీటర్లలోపే, ఒక్క బాక్సు చాలు. మిగిలిన కేబుల్‌తో ప్రతి గదికీ ఒక పాయింటు ఎక్కువ వేయించండి. తర్వాత వేయిస్తే కేబుల్ ఖర్చు కన్నా కూలీ, గోడ పని ఎక్కువవుతాయి.

పాయింటు చివర నేరుగా ప్లగ్ కొట్టి కంప్యూటర్లో గుచ్చేయడం మామూలే గానీ మంచి పద్ధతి కాదు. గోడలో వేసే కేబుల్లో ఒక్కొక్కటీ ఒంటి తీగ, కదిలిస్తూ ఉంటే లోపలే విరుగుతుంది. టేబుల్ వైపు గోడకి ఐఓ బాక్స్ (ల్యాన్ వైరు గుచ్చే సాకెట్), అందులోంచి కంప్యూటర్‌కి రెడీమేడ్ ప్యాచ్ కార్డ్ (రెండు చివర్లా ప్లగ్గులున్న చిన్న వైరు). స్విచ్ వైపు 24 పోర్టుల ప్యాచ్ ప్యానెల్ (గోడలోంచి వచ్చే కేబుళ్లన్నీ ఆగే సాకెట్ల పట్టీ), రెండూ పట్టేలా గోడకి 6యూ ర్యాక్ (పరికరాలు బిగించే పెట్టె, 6యూ అనేది దాని ఎత్తు). ప్యానెల్ మీద, ఐఓ బాక్స్ మీద ఒకే నంబరు రాయించండి. ఆ నంబర్లు లేకపోతే తర్వాత ఏ రిపేరైనా రెట్టింపు టైము పడుతుంది.

ఎలక్ట్రీషియన్ ‘ఒకే పైపులో లాగేద్దాం సార్’ అంటే ఒప్పుకోవద్దు. 230 వోల్టుల వైరుతో కలిపి ల్యాన్ కేబుల్ వేయకూడదు. ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ కరెంటు నేరుగా మీ కంప్యూటర్లోకి వస్తుంది. వేరే కేసింగ్ పట్టీ వేసి, పక్కపక్కనే నడిచేచోట అడుగు ఎడం ఉంచి, దాటాల్సినచోట అడ్డంగా దాటించాలి. మూలల్లో కేబుల్‌ని మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పాలి.

ఎక్కడైనా ప్లగ్ కొట్టాల్సి వస్తే వరస ఇది. క్లిప్ కిందికి, పిన్నులు మీకు కనిపించేలా పట్టుకుంటే ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే. జతలుగా పెనవేసిన తీగల మెలికలు విప్పేది అర అంగుళం మించకూడదు. పై తొడుగు ప్లగ్ లోపలికి వెళ్లి, క్రింపింగ్ (పనిముట్టుతో ప్లగ్‌ని నొక్కి బిగించడం) చేసినప్పుడు ప్లగ్‌లోని అడ్డబిళ్ల దాన్నే నొక్కిపెట్టాలి. రంగు తీగలు బయటికి కనిపిస్తుంటే కోసేసి మళ్లీ కొట్టించండి.

కొందరు వరస గుర్తుంచుకోలేక నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని రెండు చివర్లా ఒకేలా పెట్టేస్తారు. తక్కువ ధర టెస్టర్ మీద 1 నుంచి 8 దాకా లైట్లన్నీ వరసగా వెలుగుతాయి, మేస్త్రీ డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. కానీ 3, 6 పిన్నులు ఒకే జతవి కావాలి. ఈ పద్ధతిలో 3లో ఆకుపచ్చ జత తీగ, 6లో నీలం జత తీగ పడతాయి. మెలిక ఉండేదే పక్క జతల సందడిని కొట్టేయడానికి, జత తప్పితే ఆ మెలిక ఎందుకూ పనికిరాదు. చిన్న ముక్క అయితే పనిచేసినట్టే ఉంటుంది, 20 మీటర్లు దాటితే లింకు వస్తూ పోతూ ఉంటుంది. టెస్టర్‌ని నమ్మకుండా ప్లగ్ లోపల రంగులు కళ్లతో చూడండి.

ఫైబర్ బాక్స్ ల్యాన్ పోర్టు నుంచి స్విచ్‌లో ఏ పోర్టుకైనా ఒక వైరు, మిగతా పోర్టులకు కంప్యూటర్లు, అంతే. సెట్టింగులేమీ ఉండవు. ఇక పరీక్ష. ప్రతి కంప్యూటర్లో ఈథర్నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 ఉండాలి. 100 అని ఉంటే, ఆ యంత్రం పాతది కాకపోతే, ఆ వైర్లో ఒక జత తెగిందని అర్థం. 100 వేగానికి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. తర్వాత 2 జీబీ ఫైలు కాపీ చేసి చూడండి. రెండువైపులా ఎస్ఎస్‌డీ ఉంటే 20 సెకన్ల దగ్గర్లో అయిపోవాలి. మూడు నిమిషాలు పట్టిందంటే ఎక్కడో 100కి పడిపోయిందన్నమాట.

చివరగా, డేటా ఉన్న కంప్యూటర్‌కి, ప్రింటర్లకి ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో యంత్రానికి ఉండే నంబర్లు) మారకూడదు. ఫైబర్ బాక్స్ 192.168.1.100 నుంచి 200 వరకు పంచేలా ఉంచి, డేటా కంప్యూటర్‌కి 192.168.1.10, ప్రింటర్లకు 11, 12 చేత్తో ఇవ్వండి. ఆ కంప్యూటర్లో స్లీప్ ఆపేయండి, విండోస్‌లో నెట్‌వర్క్‌ని ‘ప్రైవేట్’గా పెట్టండి. లేదంటే పక్కవాళ్లకి షేర్డ్ ఫోల్డర్ కనిపించదు, నింద స్విచ్ మీద పడుతుంది. స్విచ్, ఫైబర్ బాక్స్, డేటా కంప్యూటర్ మూడూ యూపీఎస్ మీద ఉండాలి. యూపీఎస్‌కి స్విచ్ పెద్ద బరువేమీ కాదు.

ప్రశ్న: విజయవాడ గవర్నరుపేటలో మా ట్రావెల్స్ ఆఫీసు. 24 పోర్టుల స్విచ్ ఉంది. టేబుళ్లు అటూ ఇటూ మార్చాక, పొద్దున 10 దాటితే నెట్‌వర్క్ మొత్తం నిలిచిపోతోంది. స్విచ్ ఆపి వేస్తే కాసేపు వచ్చి మళ్లీ అదే తంతు. లైట్లన్నీ ఒకేసారి గబగబా కొట్టుకుంటున్నాయి. స్విచ్ పోయినట్టేనా?

జవాబు: స్విచ్ బాగానే ఉంది, ఎక్కడో లూప్ పడింది. లైట్లన్నీ ఒకే తాళంలో కొట్టుకోవడమే గుర్తు. మామూలు రోజున ఒక్కో లైటు దాని ధోరణిలో అది వెలుగుతుంది.

‘ఈ అడ్రసు ఎవరిది’ అని కంప్యూటర్ అందరికీ వేసే కేకను స్విచ్ వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టులకూ పంపుతుంది. అవతల వైరు తిరిగి ఇదే స్విచ్‌లోకి వస్తే ఆ కేక మళ్లీ లోపలికి వస్తుంది, మళ్లీ అందరికీ వెళ్తుంది. స్పీకర్ ఎదురుగా మైకు పెడితే కూత ఎలా పెరుగుతుందో అలాగే. ఇన్నిసార్లు తిరిగాక చచ్చిపోవాలనే లెక్క ఈథర్నెట్ ఫ్రేములో (వైర్లో వెళ్లే డేటా పొట్లంలో) లేదు, వైరు పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది.

10 తర్వాతే ఎందుకన్నది మంచి ఆనవాలు. ఏదో టేబుల్ కింద 5 పోర్టుల చిన్న స్విచ్ ఉండి, దాని కరెంటు ఆ టేబుల్ ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉంటుంది. ఆ ఉద్యోగి వచ్చి బోర్డు వేయగానే లూప్ మొదలు. టేబుల్ జరిపినప్పుడు వేలాడుతున్న ప్యాచ్ కార్డ్ రెండో కొసను ‘ఊడిపోయిందేమో’ అని ఎవరో అదే చిన్న స్విచ్‌లో గుచ్చి ఉంటారు. లేదా గోడలో రెండు ఐఓ పాయింట్లనీ ఆ ఒక్క స్విచ్‌కే కలిపి ఉంటారు. రెండు పోర్టులుండే ఐపీ ఫోన్ ఉంటే, ఆ రెండూ గోడకే వెళ్లాయేమో కూడా చూడండి.

ఇబ్బంది నడుస్తుండగానే వెతకండి, ఆపి వేయొద్దు. పెద్ద స్విచ్‌లో సగం వైర్లు పీకండి. లైట్లు శాంతించాయంటే దోషి ఆ సగంలో ఉంది. వాటిలో సగం తిరిగి పెట్టండి, మళ్లీ చూడండి. 24 పోర్టులైనా అయిదు విడతల్లో దొరికిపోతుంది. పీకేటప్పుడు ఏ వైరు ఏ పోర్టుదో ముందే ఫొటో తీసుకోండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే ‘లూప్ ప్రివెన్షన్’ లేదా స్పానింగ్ ట్రీ ఉన్న స్విచ్ కొనొచ్చు, లూపు పడిన పోర్టును అదే మూసేస్తుంది. అంతకన్నా ముందు టేబుల్ కింద చిన్న స్విచ్‌ల అవసరమే లేకుండా గోడ పాయింట్లు పెంచడం మేలు.

ప్రశ్న: క్యాట్ 7 కేబుల్ అయితే భవిష్యత్తుకి మంచిదని షాపులో చెబుతున్నారు. కొనొచ్చా? (కొత్తపేట, గుంటూరు)

జవాబు: అక్కర్లేదు. గిగాబిట్‌కి 100 మీటర్ల దాకా క్యాట్ 5ఈ చాలు. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ కూడా సుమారు 55 మీటర్ల వరకు వెళ్తుంది, చిన్న ఆఫీసుకి అది ఎప్పటికీ సరిపోతుంది. క్యాట్ 7కి రేకు తొడుగు ఉంటుంది. దాన్ని ప్యానెల్ దగ్గర సరిగ్గా ఎర్త్ చేయకపోతే ఆ తొడుగు వల్ల లాభం లేదు. ఆ డబ్బు ప్యాచ్ ప్యానెల్ మీద పెట్టండి.

ప్రశ్న: లబ్బీపేటలో క్లినిక్. సిగ్నల్ సరిపోక ఇంట్లోని పాత వైఫై రూటర్ తెచ్చి స్విచ్‌కి కలిపాం. అప్పట్నుంచి కొన్ని కంప్యూటర్లకు నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు. రేపటికి వచ్చినవి పోతాయి, పోయినవి వస్తాయి. ల్యాబ్ రిపోర్టుల ప్రింటర్ కూడా దొరకడం లేదు.

జవాబు: ఐపీ అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరయ్యారు. కంప్యూటర్ లేచి అడ్రసు అడిగినప్పుడు ఫైబర్ బాక్స్ ముందు పలికితే నెట్ వస్తుంది, పాత రూటర్ ముందు పలికితే అది తననే గేట్‌వేగా (ఇంటర్నెట్‌కి దారిగా) చెప్పుకుంటుంది, దాని వెనక ఇంటర్నెట్ లేదు. నెట్ రాని కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ కొట్టి డిఫాల్ట్ గేట్‌వే చూడండి, బాగున్న దానితో పోల్చండి. రెండు రూటర్లదీ 192.168.1.1 అయితే గేట్‌వే ఒకేలా కనిపిస్తుంది గానీ గొడవ ఇంకా ఎక్కువ.

పాత రూటర్‌ని స్విచ్ నుంచి తీసి, ఒక్క కంప్యూటర్‌కి మాత్రం కలిపి దాని సెట్టింగుల్లోకి వెళ్లండి. ముందు దాని ల్యాన్ ఐపీని 192.168.1.2 చేయండి, తర్వాత డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచే పని) ఆపండి. వైఫై పాస్‌వర్డ్ మార్చుకోండి, ఇంటి పాస్‌వర్డ్ క్లినిక్‌లో ఉండకూడదు. ఇప్పుడు స్విచ్ నుంచి వచ్చే వైరుని రూటర్ ల్యాన్ పోర్టులో పెట్టండి. రంగు వేరుగా ఉండే వ్యాన్ పోర్టు (ఇంటర్నెట్ వైపుది) ఖాళీగానే ఉండాలి. దాంట్లో పెడితే రూటర్ వెనక ఇంకో చిన్న నెట్‌వర్క్ తయారై, వైఫై మీద ఉన్నవాళ్లకు ప్రింటర్ కనిపించకుండా పోతుంది. తర్వాత కంప్యూటర్లన్నీ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

అడ్రసు 169.254తో మొదలైతే మాత్రం అసలు ఎవరూ పంచలేదని. అప్పుడు చూడాల్సింది వైరుని, ఫైబర్ బాక్సుని.

ప్రశ్న: ఆటోనగర్‌లో బండ్ల బాడీలు కట్టే షెడ్డు. 8 పోర్టుల పీఓఈ స్విచ్ (ల్యాన్ వైర్లోనే కరెంటు కూడా పంపేది) మీద 7 మామూలు కెమెరాలు, ఒక తిరిగే కెమెరా. పగలు అన్నీ వస్తాయి, చీకటి పడగానే చివరి ఒకటి రెండు ఆగిపోయి మళ్లీ మొదలవుతుంటాయి. స్విచ్ మీద 60 వాట్లు అని ఉంది. ఇంకోటి, అదే స్విచ్‌లో మిగిలిన రెండు మామూలు పోర్టుల్లో ఒకటి రికార్డర్‌కి, ఒకటి ఆఫీసు స్విచ్‌కి. అక్కడి కంప్యూటర్ నుంచి కెమెరాలను నేరుగా తెరవలేకపోతున్నాం, ఒక కెమెరా దగ్గర లాప్‌టాప్ పెట్టి చూసినా పక్క కెమెరా దొరకడం లేదు.

జవాబు: చీకటి పడితే కెమెరాల్లోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, కరెంటు వాడకం పెరుగుతుంది. మామూలు కెమెరా పగలు 4 వాట్లు తీసుకునేది రాత్రి 7 తీసుకుందనుకోండి. ఏడింటికి 49. తిరిగే కెమెరా పగలు 12, రాత్రి 20. మొత్తం పగలు 40, రాత్రి 69. స్విచ్ పంచగలిగేది 60 మాత్రమే, అందుకే తక్కువ ప్రాధాన్యం ఉన్న పోర్టును ఆపేస్తుంది. మామూలుగా పెద్ద నంబరు పోర్టులకే ఆ గతి. మీ కెమెరాల అసలు అంకెలు వాటి లేబుల్ మీద ఉంటాయి, అక్కడ రాసిన గరిష్ఠ వాట్లనే కూడండి.

ఒక్కో పోర్టుకి 15.4 వాట్లో 30 వాట్లో అని ఉండటం వేరు, మొత్తం బడ్జెట్ వేరు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో మొదటిదే వేస్తారు. తిరిగే కెమెరాను ఈ స్విచ్ నుంచి తీసి 30 వాట్ల పీఓఈ ఇంజెక్టర్ (ల్యాన్ వైర్లోకి కరెంటు ఎక్కించే విడి అడాప్టర్) మీద పెట్టండి. మిగతా ఏడూ 49 వాట్లతో సరిపోతాయి, ఇంకో కెమెరా మాత్రం చేర్చొద్దు.

రెండో ఇబ్బందికి స్విచ్ ముందు వైపు చిన్న మీట చూడండి. కెమెరాల కోసం అమ్మే చాలా స్విచ్‌ల మీద ‘వీల్యాన్’ లేదా ‘ఐసొలేషన్’, ‘ఎక్స్‌టెండ్’ అని ఉంటాయి. మొదటిది వేస్తే కెమెరా పోర్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు, అప్‌లింక్ పోర్టుతోనే (మీరు రికార్డర్, ఆఫీసు స్విచ్ కలిపినలాంటి మామూలు పోర్టుతో) మాట్లాడతాయి. కొన్నిట్లో రెండు అప్‌లింక్‌లలో ఒక్కదానికే దారి ఉంటుంది, అప్పుడు రికార్డర్‌కి కెమెరాలు వస్తాయి, ఆఫీసుకి రావు. మీటను మామూలు స్థానానికి తెచ్చి స్విచ్‌ని ఒకసారి ఆపి వేయండి. ‘ఎక్స్‌టెండ్’ వేసి ఉంటే 250 మీటర్ల దాకా వెళ్తుందంటారు, బదులుగా ఆ పోర్టుల వేగం 10 మెగాబిట్లకి పడిపోతుంది. అంత దూరం లేకపోతే ఆపేయండి.

ఇంకో సంగతి. చాలా చిన్న స్విచ్‌లకు కంపెనీ చెప్పే హద్దు 40 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి రేకుల షెడ్డులో చెక్కపెట్టెలో పెట్టి తాళం వేస్తే ఆ హద్దు పొద్దున్నే దాటిపోతుంది. గాలి ఆడే ఇనుప పెట్టె తీసుకుని, రేకుకి దగ్గరగా కాకుండా తల ఎత్తున బిగించండి. వెల్డింగ్ కేబుళ్లు నడిచే దారిలో ల్యాన్ కేబుల్ వేయొద్దు.

ప్రశ్న: బెంజ్ సర్కిల్ దగ్గర మా కన్సల్టెన్సీ. స్మార్ట్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) కొని కెమెరాలను వేరే వీల్యాన్‌లో (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లో) పెట్టాలనుకుంటున్నాం. మొదటిసారి ప్రయత్నిస్తే స్విచ్ పేజీయే తెరుచుకోకుండా పోయింది.

జవాబు: మీరు కూర్చున్న పోర్టునే వేరే వీల్యాన్‌లోకి మార్చి ఉంటారు. స్విచ్ సెట్టింగుల పేజీ మామూలుగా వీల్యాన్ 1లో ఉంటుంది, మీరు అందులోంచి బయటికి వెళ్తే తలుపు మూసుకుంటుంది. రీసెట్ రంధ్రంలో పిన్ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి మొదటి నుంచి చేయాల్సిందే.

ఈసారి లాప్‌టాప్‌ని ఒకటో పోర్టులో పెట్టి, దాన్ని చివరిదాకా కదపొద్దు. స్విచ్ అడ్రసు అడుగున లేబుల్ మీద ఉంటుంది. చాలా టీపీ-లింక్ మోడళ్లకు 192.168.0.1, డీ-లింక్ స్మార్ట్ స్విచ్‌లకు 10.90.90.90. లాప్‌టాప్‌కి అదే వరసలో (మొదటి మూడు అంకెలు అవే, చివరిది వేరు) ఒక ఐపీ చేత్తో ఇచ్చి బ్రౌజర్లో తెరవండి. మొదటి పని పాస్‌వర్డ్ మార్చడం. తర్వాత వీల్యాన్ 20 తయారు చేసి కెమెరాల, రికార్డర్ పోర్టులను అందులో ‘అన్‌ట్యాగ్డ్’గా (వీల్యాన్ గుర్తు లేకుండా) చేర్చండి, వీల్యాన్ 1 నుంచి తీసేయండి, ఆ పోర్టుల పీవీఐడీ (పోర్టులోకి వచ్చే డేటా చేరాల్సిన వీల్యాన్ నంబరు) కూడా 20 చేయండి. ఈ చివరి మెట్టే చాలామంది మర్చిపోయేది. పీవీఐడీ 1గానే ఉంటే కెమెరా నుంచి వచ్చేది పాత వీల్యాన్‌లోకే పోతుంది.

ఒక చిక్కు ముందే తెలుసుకోండి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే బాక్సులు చాలావరకు వీల్యాన్‌లను పట్టించుకోవు. కెమెరాలు 20లోకి వెళ్తే ఆఫీసుకి దూరమవుతాయి, ఇంటర్నెట్‌కీ దూరమవుతాయి, ఫోన్లో చూడటం పోతుంది. రెండూ కావాలంటే వీల్యాన్ తెలిసిన రూటర్ మధ్యలో ఉండాలి. ఆ రూటర్ కొనే ఆలోచన లేకపోతే ఈ పనికి దిగకండి. అన్నీ అయ్యాక ‘సేవ్ కాన్ఫిగ్’ నొక్కండి. కొన్ని మోడళ్లలో ‘అప్లై’ నొక్కినది కరెంటు పోయేదాకానే ఉంటుంది.

ప్రశ్న: గుంటూరు శివార్లలో మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఆఫీసు నుంచి వేబ్రిడ్జి గదికి 140 మీటర్లు. క్యాట్ 6 వేస్తే లింకు ఉండీ లేనట్టుంది. మధ్యలో ఒక స్విచ్ పెట్టమంటున్నారు.

జవాబు: రాగి కేబుల్‌కి 100 మీటర్లే హద్దు, ప్యాచ్ కార్డులతో కలిపి. మధ్యలో స్విచ్ పెడితే లెక్క కుదురుతుంది. కానీ దానికి ఆరుబయట కరెంటు, వాన పడని పెట్టె కావాలి. పైగా రెండు భవనాల మధ్య బయట వేలాడే రాగి తీగ పిడుగుల కాలంలో రెండువైపులా స్విచ్‌లను కాల్చేస్తుంది. దగ్గర్లో పిడుగు పడితే చాలు, దాని మీదే పడనక్కర్లేదు.

ఫైబర్ వేయండి. బయట వాడే 4 కోర్ల (నాలుగు గాజు పోగుల) సింగిల్ మోడ్ రకం కేబుల్, రెండు చివర్లా చిన్న టర్మినేషన్ బాక్సులు, గిగాబిట్ మీడియా కన్వర్టర్ల జత (రాగి వైరు సిగ్నల్‌ని వెలుగుగా, వెలుగుని తిరిగి సిగ్నల్‌గా మార్చేవి). ఒక కోర్‌తో పనిచేసే కన్వర్టర్లయితే ఒకవైపు ‘ఏ’, రెండోవైపు ‘బీ’ ఉండాలి. ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద వింటుంది, రెండోది దానికి తిరగబడి ఉంటుంది. రెండూ ‘ఏ’వే వస్తే లింకు లైటు ఎన్నటికీ వెలగదు, డబ్బా విప్పగానే చూసుకోండి. కేబుల్‌కి బలం కోసం లోపల ఇనుప తీగ ఉంటే దాన్ని భవనంలోకి రాకముందే కత్తిరించి ఎర్త్ చేయించాలి. ఇనుము లేని రకం దొరికితే ఆ పనే ఉండదు. స్ప్లైసింగ్ (ఫైబర్ పోగులు అతికే) మనిషి వచ్చినప్పుడే నాలుగు కోర్లకూ కనెక్టర్లు పెట్టించేయండి, ఒక్కదానికి మాత్రం కాదు. వేబ్రిడ్జి దగ్గర లారీ తగిలి ఒక కోర్ పోయినా ప్యాచ్ మార్చుకుంటే సరిపోతుంది.